హ్యాండ్‌బ్రేకును నమ్మని మా బావ

మా బావ జీపులో డ్రైవరు సీటు కింద ఒక రాయి ఉండేది. ఒకవైపు పలచగా, ఇంకోవైపు మందంగా, ఏళ్ళ తరబడి చక్రాల కింద నలిగి నున్నబడిన నల్లరాయి. కొండ దారిలో ఎక్కడ బండి ఆపినా ముందు అందరినీ దించేసేవాడు. తర్వాత గేరులోనే వదిలి తాను కిందికి దూకి, రాయి తీసి వెనక చక్రం కింద తోసేవాడు. అప్పుడుగాని ఊపిరి పీల్చుకునేవాడు కాదు. హ్యాండ్‌బ్రేకు పిడికి మాత్రం తువ్వాలు తగిలించేవాడు. కొండ మీద అందరూ ఆయన్ని రాయి డ్రైవరనే పిలుస్తారు. పెళ్ళాం కంటే రాయినే ఎక్కువ చూసుకుంటాడని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో లెక్కలేదు. ఇప్పుడు తలచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

నేను ఆయన మరదలిని, మెకానిక్‌ని. ఊరి చివర రేకుల షెడ్డు నాదే. నాకు స్పానరు పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. అప్పుడు నాకు పదకొండేళ్ళు. జీపు కింద పడుకోబెట్టి, "ఏది వదులైందో కంటితో కాదు, చేత్తో చూడు" అనేవాడు. అంత చక్కగా నేర్పినవాడు తన బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. ఆయనతో వాదించేకంటే తుప్పుపట్టిన నట్టుతో వాదించడం నయం.

వారానికి రెండు రోజులు ఆసుపత్రి నర్సమ్మనూ ఆవిడ మందుల పెట్టెనూ కొండ మీది ఊరికి తీసుకెళ్ళడం ఆయన పని. పదకొండు మైళ్ళ దారిలో తారు రోడ్డు రెండు మైళ్ళే. మిగతాదంతా బురద, బండరాళ్ళు, రెండు వాగులు. ఆ దారి ఎక్కగలిగే బండి మా చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అలాంటిది, ఈ ఏడు కొత్త నియమం వచ్చింది. ఆసుపత్రి మనుషులను ఎక్కించుకునే ప్రతి బండికీ ఫిట్‌నెస్ కాగితం ఉండాలి. మూడుసార్లు పరీక్ష తప్పితే ఆ బండిని తుక్కు కింద రాసేస్తారు.

మొదటిసారి నాకు ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్ళాడు. బురదలో దిగబడకుండా ఉండాలని అంతకు ముందే పెద్ద టైర్లు వేయించుకున్నాడు. అవి మడ్‌గార్డులు దాటి నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి. టైర్లు తగలకుండా బండిని పైకి లేపించాడు. బండి లేచేసరికి లైట్ల చూపు చెట్ల కొమ్మల మీదికి పోయింది. చక్రం కిందికి వేలాడితే బ్రేకు పైపు తెగిపోయేంత బిగుసుకుంటోంది. కళ్ళద్దాల ఇన్‌స్పెక్టరు లైట్లు వేయించి చూసి, "ఇవి ఎవరికోసమండీ, గబ్బిలాలకా" అని అడిగాడట. ఆ మాటకు మా బావ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

రెండోసారి నేను పూనుకున్నాను. పాత టైర్లు మళ్ళీ ఎక్కించి, బండిని కిందికి దించి, లైట్లు సరిచేసి, బ్రేకు పైపులు మార్చాను. "అడుగంతా నీళ్ళతో కడుగు, అంతే. ఇంకేమీ చేయకు బావా" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేనా? మా వైపు డ్రైవర్లకు పాత అలవాటు ఒకటుంది. ఎవరైనా బండి చూడడానికి వస్తున్నారంటే కాలిన ఇంజన్ ఆయిలు అడుగంతా పూసేస్తారు. తుప్పు కనబడదు, నల్లగా నిగనిగలాడుతుంది. బావ కూడా తెల్లారకముందే లేచి శుభ్రంగా పూసుకుపోయాడు. ఇన్‌స్పెక్టరు బండి కింది గోతిలోకి దిగగానే ఒక చుక్క ఆయన కళ్ళద్దాల మీద పడింది.

"ఆయిలు ఎక్కడినుంచి కారుతోందండీ?"

"కారడం లేదు సార్. నేనే పూశాను."

"ఎందుకు పూశారు?"

బావ తువ్వాలు తీసి ఆయన కళ్ళద్దాలు తుడవబోయాడు. కారుతున్నదేదో పూసిందేదో తేల్చుకోలేక ఇన్‌స్పెక్టరు తప్పిందని రాసేశాడు. "అడుసు తొక్కనేల కాలు కడగనేల" అని నేను షెడ్డులో చెడామడా తిట్టాను. ఆయన పాత టైరు మీద కూర్చుని అంతా విన్నాడు. చివరికి, "ఇక ఒక్కసారే ఉందే. ఇదీ పోతే నేనేం చేయను? ఆ దారి తప్ప నాకింకేదీ రాదు" అన్నాడు. ఆ మాటతో నా కోపమంతా నీరుగారిపోయింది. ఏడుపొచ్చింది కూడా, కానీ నేను ఏడవను, స్పానరు తీసుకుంటాను.

మూడు వారాలు జీపు నా దగ్గరే ఉంది. తల ప్రాణం తోకకొచ్చింది. ఆయిలంతా గీకి కడిగితే దాని కింద రెండు తుప్పు చిల్లులు బయటపడ్డాయి. అక్కడ కొత్త ఇనుము వేసి అతికించాను. బ్రేకు డ్రమ్ములు విప్పితే ఎడమవైపు దానిలో ఇటుకలా గట్టిపడిన బురద ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒక పక్కకి లాగేది అందుకే. స్టీరింగు కీలు వదులైతే మార్చాను. అన్నీ అయ్యాక తువ్వాలు తీసేసి హ్యాండ్‌బ్రేకు లాగాను. నీళ్ళలో గరిటె తిప్పినట్టు ఊరికే పైకి వచ్చేసింది. కేబులు లోపలే తుప్పుపట్టి ఎప్పుడో తెగిపోయింది. ముందు రెండుసార్లూ ఇది బయటపడలేదు. అక్కడ మొదట లైట్లు, టైర్లు, అడుగు చూస్తారు. అందులో తప్పితే హ్యాండ్‌బ్రేకు చూసే వాలు మీదికి పంపరు.

"అది అక్కర్లేదులే. రాయి ఉందిగా" అన్నాడు బావ.

"ఇన్‌స్పెక్టరుకి రాయి చూపిస్తావా? ఇన్నేళ్ళూ ఇది లాగడానికి కూడా బద్ధకమా నీకు?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కొత్త కేబులు వేసి, షెడ్డు ముందు వాలులో బండి నిలబెట్టి చూశాను. ఇసుమంత కూడా కదల్లేదు. చూద్దువుగాని రమ్మంటే ఆయన రాలేదు.

మూడోసారి అక్క కూడా మాతో వచ్చింది. అక్క ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. పెళ్ళయిన కొత్తలో వాగులో జారిపడిందని నా చిన్నప్పటినుంచీ వింటున్నాను. టైర్లు, లైట్లు, స్టీరింగు, అన్నీ బాగున్నాయన్నాడు ఇన్‌స్పెక్టరు. గోతిలోకి దిగి అడుగంతా వేలితో రాసి, వేలు చూసుకుని నవ్వాడు. నా పని అయిపోయిందనుకుని ఛాతీ విరుచుకున్నాను. మిగిలింది వాలు ఒక్కటే. కింద ఇసుక బస్తాలు పేర్చిన సిమెంటు దిమ్మ అది. బావ బండిని దాని మీదికి ఎక్కించి ఇంజన్ ఆపాడు.

"న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి దిగండి. ముప్పై లెక్కపెడతాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావ లాగాడు, దిగాడు. దిగుతూనే ఆయన చెయ్యి సీటు కిందికి పోయింది. మేం కళ్ళు ఆర్పేలోగా రాయి వెనక చక్రం కింద ఉంది.

"రాయి తీయండి."

బావ వంగి రాయి పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"తీయాలండీ. లేకపోతే బ్రేకు పనిచేయడం లేదని రాయాల్సి వస్తుంది."

ఆయన రాయి వదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలు కష్టపడి చేస్తే చివర్లో ఇదేం చోద్యం? "తీయి బావా, నేను వేసిన కేబులది" అని అరిచాను. అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"అరవకే. పెళ్ళయిన ఏడాది మూడో మలుపు దగ్గర బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజన్‌కి నీళ్ళు తేవడానికి వాగులోకి దిగారు. నేను లోపలే కూర్చున్నాను. బ్రేకు వదిలేసింది. ఆయన బిందె పడేసి పరిగెత్తుకొచ్చేలోగా బండి వెనక్కి పోయి గట్టుకి కొట్టుకుంది. నా కాలు విరిగింది అక్కడే. వాగులో కాదు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నాన్న ఆయన్ని బతకనిచ్చేవాడా?"

 బద్ధకమన్నాను ఆ మనిషిని. ఇంకో మాట అడిగేలోగా అక్క కాలీడ్చుకుంటూ వాలు దగ్గరికి వెళ్ళి, జీపెక్కి ముందు సీట్లో కూర్చుంది.

"దిగు" అన్నాడు బావ. ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. "నీకు దణ్ణం పెడతాను, దిగవే."

"దిగను. ఈ బ్రేకు మా చెల్లి వేసింది. దాని చేతికి పని నేర్పింది మీరు. నాకు నమ్మకముంది, తీయండి."

ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం తిరగేసి చూసుకున్నాడు, కింది ఇసుక బస్తాల వైపు చూశాడు. "లోపల మనిషి ఉండకూడదని ఇందులో ఎక్కడా లేదు" అన్నాడు మెల్లగా.

బావ రాయి లాగేశాడు. వెంటనే వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ బండికి ఆనించి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆయన ఒక చెయ్యి తీశాడు. పంతొమ్మిది దగ్గర రెండోది తీశాడు. ముప్పై అన్నాక కూడా బండి ఉన్నచోటే ఉంది. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది.

ముద్ర పడిన కాగితం చేతికి వచ్చాక ఇన్‌స్పెక్టరు వెనకనుంచి పిలిచాడు. "మీ రాయి మర్చిపోతున్నారు."

"మీ దగ్గరే ఉంచండి సార్. ఇక్కడికి నాలాంటివాళ్ళు ఇంకా వస్తారు" అన్నాడు బావ.

ఇంటికొచ్చే దారిలో, ఇక తువ్వాలెక్కడ తగిలించుకోవాలని నామీద చిరాకుపడ్డాడు. మర్నాడే సీటు పక్కన ఒక కొక్కెం అతికించి ఇచ్చాను.

ఆ వారం కొండకి వెళ్ళేటప్పుడు అక్క కూడా వెళ్ళింది. మూడో మలుపు దగ్గర ఇంజన్ వేడెక్కితే బావ బండి ఆపాడట. హ్యాండ్‌బ్రేకు లాగి, బిందె తీసుకుని వాగు వైపు నడిచాడట. మధ్యలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ నడిచాడని నర్సమ్మ చెప్పింది. అక్క బండిలోనే కూర్చుంది. ఆయన దిగమనలేదు.