యాడికి మీద మా చిన్న విమానం

మొన్న గోరంట్లలో ఒక పెండ్లికి కారులో వెళ్తుంటే, డ్రైవరు ముందర తగిలించుకున్న సెల్‌ఫోనులోని ఆడగొంతు ఎంతో మర్యాదగా కుడివైపు తిరగమని చెప్పింది. కుడివైపు చూస్తే రోడ్డు లేదు, నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో తెలియని చెరువు, దాని నిండా సర్కారు తుమ్మ. డ్రైవరు బండి ఆపి, ఫోనును ఒకసారి, తుమ్మచెట్లను ఒకసారి, చివరికి నన్ను ఒకసారి చూసి "ఎట్ల పోదామమ్మా?" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఇరవై ఏళ్ల కిందట ఇదే నేల మీద, ఇంతే నమ్మకంగా దారి చెప్పే పెట్టెను చేతిలో పెట్టుకుని ఆకాశంలో దిక్కులు చూసిన మనిషి తన వెనక సీట్లో కూర్చుందని అతనికేం తెలుసు!

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, వరసగా వానలు ఎగ్గొట్టిన ఆ రోజుల్లో మన జిల్లా మీద మేఘాల్లో మందు కాల్చి వాన కురిపిస్తామని చిన్న విమానాలు తిరిగేవి. అందులో ఒకదానిలో రెండో పైలట్‌ను నేను. ధర్మవరంలో గుంతమగ్గం మీద పట్టుచీరలు నేసే ఇంటి పిల్లకు విమానం ఎక్కడిదని అడిగేవాళ్లు. వాయుసేనలో మెకానిక్కుగా చేసి వచ్చిన మా పెదనాన్న పట్టుదల అది. నలుగురూ వద్దన్నా నన్ను ఆ చదువులో పెట్టించింది ఆయనే. చదువైతే అయింది గాని ఉద్యోగం దొరికేసరికి ముప్పై దగ్గర పడ్డాయి.

మా కెప్టెన్ గారు ఉత్తరాది మనిషి, మితభాషి. మొదటిరోజే టెలిఫోను రిసీవరంత నల్లటి పెట్టె ఒకటి నా చేతిలో పెట్టి, ఇక నుంచి దారి చెప్పడం నీ పని అన్నాడు. పెన్సిల్ సెల్లులతో నడిచేది, నలుపు తెలుపు తెర, ఆకాశంలోని ఉపగ్రహాలు కనిపిస్తే తప్ప నోరు విప్పదు. మేఘాలను కనిపెట్టే రాడార్ గదివాళ్లు చెప్పిన చోటు అంకెల్లో ఎక్కిస్తే, తెర మీద ఒక బాణం గుర్తు అటు చూపించేది. దాన్ని అద్దం ముందర, చెప్పులకుండేలాంటి గరుకు పట్టీతో అంటించేవాళ్లం. పెట్టె ఏమో అంగుళం తేడా లేకుండా చెబుతున్నట్టే ఉండేది గాని, కిందికి చూస్తే నాకు ఒక్క ఊరూ గుర్తుపట్టేటట్టు ఉండేది కాదు. పుట్టి పెరిగిన నేలే, పైనుంచి చూస్తే ఎర్రటి మడి పక్కన ఎర్రటి మడి, రాళ్ల గుట్ట వెనక రాళ్ల గుట్ట.

యాడికిలో మా మేనమామ ఉండేవాడు, వానను నమ్ముకుని శెనక్కాయ వేసే రైతు. నేను ఆ ఉద్యోగంలో చేరానని తెలిసిన రోజు ధర్మవరం వచ్చి, మా అమ్మ చేతి కాఫీ తాగి, "నువ్వు ఆ పక్క వస్తావు గదా పాపా, మన చేను నీకు తెలిసేటట్టు గడ్డివామి మింద తెల్లపంచె పరుస్తా, చూసుకో" అని చెప్పి పోయాడు. అడిగిన తీరు చూస్తే, బస్సు డ్రైవరును తన వాకిట్లో ఒక్క నిమిషం ఆపమని అడిగినట్టే ఉంది.

ఒకరోజు రాడార్ గది నుంచి చెప్పిన చోటు సరిగ్గా యాడికే అయింది. ఆ ఊరి పేరుకు అర్థమేమిటని కెప్టెన్ గారు అడిగితే, మా పక్క భాషలో 'ఎక్కడికి' అని అర్థమని చెప్పాను. ఆయన నా వంకా పెట్టె వంకా చూసి, ఎక్కడికని నేను గదా నిన్ను అడగాలి అన్నాడు. ఎగిరాం. బాణం తిన్నగా చూపిస్తోంది, నేను మాత్రం మామ పంచె కోసం కిందికే చూస్తున్నాను. తెల్లగా కనిపించిందల్లా పంచె అనుకున్నాను. ఒకటి నాపరాళ్ల గని, ఇంకొకటి గొర్రెల మంద, మరొకటి ఎవరిదో సున్నం కొట్టిన ఇల్లు. పెట్టె యాడికి వచ్చిందంటోంది, నా కళ్లు రాలేదంటున్నాయి.

అంతలో మేఘం అడుగుకు చేరాం. విమానం ఒక్కసారి ఎత్తి కుదేసినట్టు అదిరి, గరుకు పట్టీ ఊడి, పెట్టె నా కాళ్ల మధ్య పడి, మూత తెరుచుకుని సెల్లులు దొర్లిపోయాయి. నేను వంగి వెతుక్కుంటుంటే పైనుంచి ఆయన "ఎక్కడున్నాం? ఎక్కడున్నాం?" అని అరుస్తున్నాడు. మంచి గాలి పైకి తోస్తోంది, ఆ అదను పోతే మళ్లీ రాదు. ఆయన మీట నొక్కేశాడు, రెక్కల కింది మందు గొట్టాలు నిప్పులు కక్కుతూ కాలిపోయాయి. సెల్లులు వేసి, పెట్టె మళ్లీ ఉపగ్రహాలను వెతుక్కుని మాట్లాడేసరికి మేము వెనక్కి తిరిగి ఉన్నాం. దిగాక చూస్తే, మేము పోయిన దారి తెర మీద గీతలాగా ఉంది, మందు కాల్చిన చోట మాత్రం తెగిపోయి ఉంది. అంకెలు మళ్లీ సరిచూశాను, తప్పు లేదు. మేము ఎక్కడ కాల్చామో నాకూ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు.

సాయంకాలం బస్సు దిగేసరికి ధర్మవరంలో కుండపోత. ఇంట్లో నాయన మగ్గం గుంతలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి బిందెతో తోడి పోస్తున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర, తేమకు పోగులు సాగిపోయి వేలాడుతున్నాయి. నన్ను చూసి తోడటం ఆపి, "యాడ కురిపించమంటే యాడ కురిపించినావు తల్లీ?" అన్నాడు. కోపమో నవ్వో ఆ గొంతులో నాకు తెలియలేదు. అమ్మ మాత్రం నాయన సంగతి పట్టించుకోకుండా, యాడికిలో పడిందా అని అడిగింది. నేను ప్యాంటు పైకి మడుచుకుని ఇంకో బిందె తీసుకుని గుంతలోకి దిగాను.

రెండు రోజులకు మామ వచ్చాడు. ఎప్పటిలా లోపలికి రాలేదు, గడప బయటే నిలబడ్డాడు.

"మా నెత్తి మీదనే తిరిగినారు, ఊరంతా చూసినాం. మోడమంతా తోలుకొనొచ్చి మీ నాయన ఇంటి మింద పోసుకుంటివి. పంచె పరిచినా గదా, కనపల్యా?"

"కనపడలేదు మామా. మేము యాడ ఉన్నామో మాకే తెలీలేదు."

"అంత పెట్టె పెట్టుకొని తెలీకపోవడమేంది?"

గాలులు ఆ రోజుల్లో పడమర నుంచి తూర్పుకు వీస్తాయి, యాడికి మేఘం ధర్మవరానికి రాదు అని చెప్పబోయాను. అయితే మేము కాల్చింది యాడికి దగ్గరేనని నాకు మాత్రం నమ్మకమేముంది? "విత్తనం భూమిలో ఏసి కూసున్యా, పదిమందికీ మా పాప వస్తాదని చెప్పుకొన్యా" అని ఆయన కాఫీ కూడా ముట్టకుండా బస్సుకు వెళ్లిపోయాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. తోబుట్టువు అలిగి పోయిన ఇంట్లో మెతుకు దిగదంది.

ఆ పైవారమే ఇంజనులో ఏదో మరమ్మతని మా విమానం షెడ్డులోనే ఉండిపోయింది, మరో విమానమూ ఆ పక్క పోలేదు. ఆ మరమ్మతు రోజుల్లోనే యాడికిలో ఏకధాటిగా వాన పట్టి చేలన్నీ తడిసిపోయాయి. పంట చేతికొచ్చాక మామ బస్సు పైన మూట వేసుకుని దిగాడు. ఈసారి సరాసరి వంటింట్లోకి వచ్చి, పచ్చి శెనక్కాయలు అమ్మ ముందర కుమ్మరించి, నా తలమీద చెయ్యి పెట్టాడు. నేను ఆరోజు ఎగరలేదు మామా, విమానం చెడిపోయి ఉండింది అని ఎన్ని విధాల చెప్పినా వినలేదు. "నాకు చెప్పొద్దు. ఆ పొద్దు మోడంలో చప్పుడు నేనే విన్యా" అన్నాడు. అది ఉరుము అయి ఉంటుందన్నాను. మామ నవ్వాడు. చనిపోయేదాకా తన ఊళ్లో నన్ను వాన తెచ్చిన పాప అనే చెప్పాడు. నాయనేమో పోయేదాకా మగ్గం ముంచిన పాప అన్నాడు. ఆ రెంటిలో నేను ఏది చేశానో, రెండూ చేయలేదో, ఈరోజుకీ నాకు తేలలేదు.

ఇప్పుడు ఆ విమానాలు రావు. నాయన మగ్గం ఎత్తేసి గుంత పూడ్చి పైన బండలు పరిచాం. వాన ఏ పూట వస్తుందో ఫోనే చెబుతుంది, రాకపోతే దాన్ని జేబులో పెట్టుకుని ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. మోడం పట్టినప్పుడల్లా నేను వాకిట్లోకి వచ్చి నిలబడతాను. అది కురవకుండా తేలిపోతే, ఏం పాపా ఇట్ల చేసినావని నా గడప దగ్గరికొచ్చి అలిగి నిలబడే మనిషి ఈ జిల్లాలో ఒక్కరూ మిగల్లేదు. అప్పట్లో ఆ అలకకు నేను ఎంతో నొచ్చుకున్నాను. నేను మేఘాన్ని ఎటు కావాలంటే అటు తోలగలనని ఒక మనిషి మనసారా నమ్మాడన్న సంగతి, అప్పుడు నా తలకెక్కలేదు.