అమ్మ చేతిమీది పేరు

అమ్మ పోయి ఏడాదైనా, ఆమె ప్రేమలో గంగక్క ఎవరికీ వాటా ఇవ్వదు. చెల్లెలు కళావతి "అమ్మ" అని నిట్టూరిస్తే చాలు, గంగక్క అరుపుకు గోదావరి అవతలి ఒడ్డున కొంగలు లేస్తాయి. అమ్మకు పచ్చబొట్టు ఉన్నచోటును తన ముంజేయి చాపి చూపుతుంది. "అమ్మ చేతిమీద పచ్చబొట్టు నా పేరే! నీ పేరేదే?" 2007 వేసవిలో, ఏడాది దినం నాడు, మనవలు అన్నం తింటూ అమ్మమ్మను తలచుకుంటుంటే మళ్లీ అదే పాట ఎత్తుకుంది. మేనమామ ముసలయ్య నోటిదాకా వచ్చిన ముద్ద ఆపాడు.

"ఓ పిల్లా, అది నువ్వు పుట్టకముందే భద్రాచలం జాతరల పొడిపించుకున్నది. గంగంటే మా అక్క పాడిబర్రె!"

కళావతి పొలమారేదాకా నవ్వింది. ఎన్నడో చచ్చిన బర్రెమీద గంగక్క పళ్లు నూరింది. కాసేపటికి కొంగు బిగించింది.

"అయితే ఏంది? అంత పాణమైన బర్రె పేరు నాకే పెట్టింది. నీకు పెట్టిందా?"

కళావతి నవ్వు ఆగిపోయింది.