సగంలో ఆపిన హంసలు

వేడెక్కిన దుమ్ము వాసన వస్తే ఇప్పటికీ నా ముక్కు మగ్గం గుంట దగ్గరికే పరుగెడుతుంది. ఇప్పుడా వాసన వచ్చేది మగ్గం నుంచి కాదు. గుంట పూడ్చి, పైన గచ్చు చేసి, ఆ గచ్చు మీద బల్ల వేసి పెట్టిన కంప్యూటర్ పెట్టె నుంచి. దాని లోపలి చిన్న పంకా కొన్నాళ్ళు మూలుగుతూ తిరిగింది, కొన్నాళ్ళు తిరగకుండా మూలిగింది, ఆఖరుకు మూలగడం కూడా మానేసింది. పెట్టె మీద చెయ్యి పెడితే అప్పుడే రొట్టె దించిన పెనంలాగా కాలేది. పెనం అన్నది ఎక్కువే లెండి. చెయ్యి తియ్యాలనిపించేది, అంతవరకు నిజం.

ఇలా పెంచి చెప్పడం నాకు చిన్ననాటి నుంచి ఉన్న జబ్బు. గద్వాలలో మా వీధి ముసలివాళ్ళలో కంప్యూటర్ మీద మొదట చెయ్యి వేసినవాణ్ణి నేనేనని చెప్పుకుంటాను. వేసిన మాట వాస్తవమే, దుమ్ము తుడవడానికి. దాన్ని నడిపేది నా మనవరాలు శ్రావణి. చీర అంచుల బొమ్మలను తెర మీద గళ్ళలో చుక్కలు చుక్కలుగా నింపి, అట్టలకు తూట్లు కొట్టేవాళ్ళకు ఇస్తుంది. ఏ దారం లేవాలో, ఏది పడుకోవాలో మగ్గానికి ఇప్పుడు ఆ అట్టలే చెబుతాయి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో పన్నెండు మగ్గాలు ఆడేవి. ఆ చప్పుడు కోటగోడకు తగిలి తిరిగి వచ్చేది. పన్నెండు కాదు, రెండు. ఆ రెండింటిలో ఒకటి పక్కింటివాళ్ళది, గోడ పలచన కాబట్టి మాదే అనిపించేది. ఎండాకాలం పొద్దున్నే వీధి పొడవునా నిలువు దారాలు చాచి కట్టి, పెద్ద కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. పులిసిన ఆ గంజి వాసన, దాని మీద వాలే ఈగలు, దారాల కింద నుంచి దూరి చిర్రగోనె ఆడే మేము, కర్ర పుచ్చుకొని మమ్మల్ని తరిమే పెద్దలు, ఇదంతా ఎండ ముదిరేలోపే ముగిసిపోయేది. వానాకాలం మగ్గం గుంటలో చెమ్మ ఊరి కప్పలు చేరేవి. నాయిన కాళ్ళతో తొక్కుతూనే ఒక కాలితో కప్పను పక్కకు నెట్టేవాడు, చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఉగాదికి అమ్మ ఓళిగలు చేస్తే, నెయ్యి అంటిన చేతులతో పట్టు ముట్టుకోవద్దని మమ్మల్ని వాకిట్లోనే కూర్చోబెట్టి తినిపించేది. పీర్ల పండుగకు వీధి చివరి నుంచి షర్బత్ బిందెలు, మలీద ముద్దలు వచ్చేవి. మామిడికాలంలో కొల్లాపూర్ పండ్ల బుట్ట ఒకటి ఇంటికి వస్తే, నాలుగు రోజులు గంజి వాసన కూడా ఓడిపోయేది.

అన్నిటికంటే బాగా గుర్తున్నది వచ్చినవాళ్ళు కాచుకోవడం. మగ్గం మీద ఉన్న మనిషిని పిలవకూడదన్నది మా ఇళ్ళలో ఆచారం. చుట్టం వచ్చినా, పెళ్ళి పిలుపు వచ్చినా అరుగు మీద కూర్చొని లోపలి చప్పుడు ఆగేదాకా చూడాల్సిందే. మా చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. అడ్డదారం మోసుకుపోయే నాడెలు రెండు, నూలు నాడె నాయిన చేతిలో, పట్టు నాడె పక్కనే కూర్చున్న అమ్మ చేతిలో. అడ్డంగా వెళ్ళే ఆ రెండు దారాలూ ప్రతి వరుసలో ఒకదాన్నొకటి పెనవేసుకోవాలి. ఆ పెనవేత కుదరకముందే ఎవరైనా లేస్తే అక్కడ సందు పడుతుంది. మగ్గం బిగువు వదలకుండా లేస్తే గంజి ఎండి పెళుసెక్కిన దారాలు తెగిపోతాయి. అందుకే మా ఇంట్లో లేవడమంటే ఒక పెద్ద తతంగం. బొమ్మ వరుస ముగించాలి, నాడెలు పక్కన పెట్టాలి, బిగువు సడలించాలి, నేసినంత మేర గుడ్డ కప్పాలి, అప్పుడు కాళ్ళు గుంటలోంచి బయటికి రావాలి.

అమ్మ అంచులో హంసలు ఉండేవి. ఒకదాని తోక వెనుక ఇంకొకటి, మెడ వెనక్కి తిప్పి తమ వెంట వచ్చేదాన్ని చూసుకుంటూ నడిచే హంసలు. ఆ చీర సంస్థానం రాణిగారు కట్టారని నేను చాలామందికి చెప్పాను. ఎవరు కట్టారో నాకు తెలియదు. మా అమ్మ మాత్రం కట్టలేదు.

ఒక రోజు అయిజ నుంచి సైకిల్ మీద ఒక మనిషి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, గడప దాటి నేరుగా లోపలికే వచ్చాడు.

"అక్కా, మీ అన్నకు బాగ లేదు. నిన్ను చూడాలంటుండు."

అమ్మ చేతిలో నాడె ఆగింది. నాయిన తల ఎత్తకుండానే అన్నాడు. "వరుస కానియ్. ఇప్పుడు లేస్తే హంసల మెడలు తెగుతయ్."

అమ్మ కూర్చుంది. ఒక్కో హంసకూ మెడ తిప్పి, ముక్కు పెట్టి, వరుస ముగించి, బిగువు సడలించి, గుడ్డ కప్పి అప్పుడు లేచింది. ఆమె కోసమే ఆగినట్టు బస్సు నిలబడి ఉంది. అయిజ చేరేసరికి మా మేనమామ కళ్ళు తెరిచే ఉన్నాయి. చెల్లెలి చేతి నీళ్ళు రెండు గుక్కలు తాగి, అప్పుడు కళ్ళు మూశాడు. ఈ కథ నేను చెప్పని ఇల్లు మా వీధిలో లేదు. శ్రావణి దీన్ని వింటూనే పెరిగింది.

మగ్గాలకు అట్టలు వచ్చాక అంతకుముందు మగ్గానికి బొమ్మ చెప్పిన పాత దారాలకట్ట పొయ్యిలోకి పోయింది. హంసలు నా తలలో తప్ప ఎక్కడా మిగలలేదు. ఆ తల కూడా ఈమధ్య సరిగ్గా ఉండడం లేదు, కళ్ళజోడు పెట్టుకొనే కళ్ళజోడు వెతుకుతున్నాను. అందుకే శ్రావణి పోయిన దసరా ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చెప్పడం, ఆమె చుక్క పెట్టడం. ముందు అంచు మొదట్లోని గుడి శిఖరాలు వచ్చాయి, తర్వాత పూలు. అక్కడివరకు ఆమె పెట్టెకు గుచ్చే ఒక చిన్న పుల్లలాంటి దానిలోకి కూడా ఎక్కించి దాచింది. హంసలకే చాలాకాలం పట్టింది. కొన్ని రోజులు గుర్తుకు వచ్చేవి, కొన్ని రోజులు ఎంత కూర్చున్నా వచ్చేవి కావు.

ఆఖరి హంస ముగిసిన మధ్యాహ్నమే పెట్టె మొండికేసింది. తెర మీద బాణం గుండ్రంగా మారి తిరుగుతూ ఉండిపోయింది. శ్రావణి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తాతా, ముట్టకు. బొమ్మను లోపల రాసుకుంటుంది. రాస్తుండంగ ఆపితే మొత్తం చెడిపోతది."

"ఎంతసేపు?"

"తెల్వదు."

అప్పుడే నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఫోను వచ్చింది. శ్రావణి అమ్మమ్మది బిజినేపల్లి. బడికి పోయే వయసు వచ్చేదాకా ఈ పిల్లను పెంచింది ఆమే. శ్వాస ఆడక ఆమెను దవాఖానలో చేర్చారు, నా కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు. ఫోనులో మాట్లాడింది కోడలు. "అమ్మమ్మ నిన్నే అడుగుతుంది. తాతను తోల్కొని జల్ది రా."

బస్సుకు ఎక్కువ వేళ లేదు. మేమిద్దరం పోతే ఇంటికి తాళమే. పెట్టెను అలాగే వదిలిపోదామంటే అది కాగుతోంది, ఆ గది నిండా నిలవ పెట్టిన పట్టూ నూలూ. ఆపకుండా పోవడానికి లేదు. శ్రావణి తెరకేసి చూస్తూ కూర్చుంది.

"జర సేపు చూద్దాం తాతా. అయిపోతుందేమో. మీ అమ్మ గూడ వరుస అయినంకనే లేసింది గద."

నేను ఎన్నో కోతలు కోశాను గాని ఒక్కటీ ఇలా తిరిగి వచ్చి నా ముందు కూర్చోలేదు.

"అది అబద్ధం బిడ్డా."

"ఏది?"

"వరుస ముగించి లేసింది నిజమే. అందింది అబద్ధం."

చెప్పాను. బస్సు ఆగలేదు, వెళ్ళిపోయింది. అమ్మ ఎవరిదో ఎద్దులబండి ఎక్కి, నన్ను ఒళ్ళో వేసుకొని పోయింది. పొద్దు గూకే వేళకు అయిజ చేరాం. అన్నను అప్పటికే కాటికి ఎత్తుకుపోయారు. వాకిలి కడిగి ఉంది, రాళ్ళ మధ్య నీళ్ళు ఇంకా ఆరలేదు. అమ్మ ఆ తడి వాకిట్లో అడుగు పెట్టలేక బండి దగ్గరే చాలాసేపు నిలబడింది. నీళ్ళు తాగించడం, కళ్ళు మూయడం అంతా తర్వాత నేను కల్పించినవి. వరుసలో మాత్రం ఒక్క మెడా తెగలేదు. ఆ తర్వాత నాయిన అమ్మను ఎన్నడూ ఆపలేదు. అమ్మ కూడా ఎన్నడూ సగంలో లేవలేదు. ఆమెను పిలవడానికి అయిజలో ఎవరూ మిగలలేదు.

"నొక్కు" అన్నాను.

"పోతయ్ తాతా, నీ హంసలు."

"పోనియ్. మల్ల చెప్త."

"మల్ల యాదికుంటయా నీకు?"

"నాకా? నేను పుట్టకముందటియి గూడ యాదికున్నయి."

ఆమె పెట్టె మీట మీద వేలు పెట్టింది. అది ఒకసారి నొక్కితే ఆగేది కాదు. వేలు తియ్యకుండా, ఊపిరాడనివ్వకుండా అదిమి పట్టుకోవాలి. శ్రావణి ముఖం పక్కకు తిప్పుకొని పట్టుకుంది. తిరుగుతున్న గుండ్రం నిలిచింది, తెర నల్లబడింది. లోపల ఏదో చిన్నగా టక్కుమంది.

బస్సు వనపర్తి దాటింది. బిజినేపల్లి వచ్చినప్పుడు ఆమె కిటికీ వైపు జరిగి అమ్మమ్మ వీధి మలుపు చూసింది. దవాఖానలో ముసలామె కళ్ళు తెరిచే ఉంది. మనవరాలి చేతిని తడుముకొని, ముక్కుకు పెట్టిన గొట్టం సందులోంచి, "తిన్నవా బిడ్డా?" అంది. శ్రావణి తినలేదు, తిన్నానని చెప్పింది. అబద్ధం చెప్పడం నా దగ్గరే నేర్చుకుంది, ఆ ఒక్కసారి నాకు సిగ్గనిపించలేదు. మరుసటి మధ్యాహ్నం ముసలామె పోయింది.

దినాలు ముగిసి ఇల్లు చేరాక శ్రావణి పెట్టె మీట నొక్కింది. తెర చాలాసేపు నల్లగా ఉండి, తెల్ల అక్షరాలు ఏవో వరుసగా పోసి, ఎలాగో తెరుచుకుంది. హంసలు ఉన్న చోటు మాత్రం తెరుచుకోలేదు. బాగుచేసేవాణ్ణి పిలిస్తే వాడు అటూ ఇటూ నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు.

"రాస్తుండంగ కరెంటు తీస్తే ఏది యాడ పెట్టిందో దానికే తెల్వదు పెద్దనాయినా. నీ నసీబు, డిస్కు బతికింది. మల్ల గిట్ల ఆపితే అది గూడ పోతది."

పుల్లలో దాచినవి దొరికాయి. శిఖరాలున్నాయి, పూలున్నాయి. ఆ పక్కన ఖాళీ గళ్ళు.

ఇప్పుడు సాయంత్రాలు మళ్ళీ కూర్చుంటున్నాం. కొత్త పంకా వేయించినా పెట్టె ఆ దుమ్ము వాసన మానలేదు. గుంట లేదు, గంజి లేదు, లోపలి చప్పుడు ఆగేదాకా అరుగు మీద కాచుకొనే మనుషులు లేరు. అరుగే లేదు, మురుగుకాలువ తవ్వినప్పుడు పోయింది. బిజినేపల్లిలో ఆ మలుపు తిరగవలసిన పని శ్రావణికి ఇక లేదు. ఆమె నాలుగు చుక్కలు పెట్టి రెండు చోట్ల దాచి, నా వైపు తిరుగుతుంది.

"చెప్పు తాతా, మెడ యాడ వంగుతది?"

నేను గాలిలో వేలితో గీసి చూపిస్తాను.

"మొన్న గింత పొడుగు చెప్పలే."

"నీకు యాదికి లేదు."

ఆమె నన్ను ఒక చూపు చూసి, నేను చెప్పినంత పొడుగూ పెడుతుంది. తెర మీద హంసలు బాగానే నడుస్తున్నాయి, చూసినవాళ్ళు మెచ్చుకుంటున్నారు. అమ్మ నేసిన వాటి మెడ ఇంత పొడుగు ఉండేది కాదు. ఎంత ఉండేదో నాకు గుర్తు లేదు. ఈ ఒక్క మాట మాత్రం పెంచి చెప్పడం లేదు.