దుర్గాదేవి కోపానికి బెల్లం వైద్యం

రాజోలు పక్కన ఆ ఊళ్ళో ఓర్పంటే దుర్గాదేవి పేరే చెప్పేవారు. అత్తాకోడళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకుంటే ముందు ఆవిడ అరుగే ఎక్కేవారు, పెద్దమనుషుల సంగతి ఆ తర్వాతే. అలాంటి మనిషికి నలభై ఎనిమిదో ఏట ఏమొచ్చిందో ఏమో, చేపల పులుసులో ఉప్పు చాల్లేదన్న పాపానికి మొగుడి ముందు గరిటె విసిరికొట్టింది. విసిరి, కూర్చుని ఏడ్చింది. గరిటె సొట్టపోయిందని ఇంకోసారి ఏడ్చింది.

నెలసరి వస్తే వచ్చింది, లేకపోతే లేదు. కంటిమీద కునుకు లేదు. ఫ్యాను కింద కూడా చెమటలు. తన మనసే పాడైపోయిందని, ఇన్నాళ్ళ మంచితనమూ వట్టి వేషమేనని లోలోపల హడలిపోయింది పాపం.

మొగుడు వీరవెంకటరమణకి రొయ్యల చెరువు తప్ప వేరే లోకం లేదు. చెరువులో రొయ్య నలతపడితే తవుడూ బెల్లమూ పులియబెట్టి చల్లుతారు. పెళ్ళానికీ అదే మందని తేల్చేశాడు మహానుభావుడు. తవుడు పెడితే తంతుందని అది మానేసి, కాఫీలో బెల్లం, మజ్జిగలో బెల్లం, ఆఖరికి చారులో కూడా బెల్లమే వేశాడు. వైద్యం ముదిరిన కొద్దీ రోగమూ ముదిరింది. ఓ రోజు చారు గిన్నె పెరట్లోకి ఎగిరింది.

చివరికి పక్కింటావిడ బేబీ పోరు పడలేక ఇద్దరూ అమలాపురంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

“నేను చెడ్డదాన్నయిపోయేనాండీ?” అంది దుర్గాదేవి, కూర్చోకుండానే.

డాక్టరమ్మ నవ్వలేదు. “ఒంట్లో ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోను ఉంటుందండీ. మెదడులో మనసుని నిలకడగా ఉంచే వాటిలో సెరటోనిన్ ఒకటి, దానికి ఈ హార్మోను దన్ను. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు పడిపోతుంది. దాంతో సెరటోనిన్ పనీ తడబడుతుంది. అందరికీ కాదుగానీ కొందరికి ఇలా కోపం, ఏడుపు. మీ మంచితనం ఎక్కడికీ పోలేదు. మందులున్నాయి, తగ్గుతుంది.”

“ఆయ్, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ ఆగి ఆగి తిరుగుతోందన్నమాట. అందులో రొయ్య తప్పేముందండీ!” అన్నాడు రమణ.

తనని రొయ్యని చేసినందుకు ఇంకొకప్పుడైతే ఊరుకునేది కాదు. ఇప్పుడు గుండెల మీంచి బండ దిగినట్టయి కుర్చీలో కూలబడింది.

తిరుగుదారిలో బండి మీద రమణ హుషారు చూడాలి. “అయితే నువ్వు నన్నన్న మాటలన్నీ హార్మోన్లే అన్నాయన్నమాట. నామీద నీకేం కోపం లేదు!”

దుర్గాదేవికి చర్రున లేచింది. “గరిటె విసిరింది హార్మోనేనండీ, ఒప్పుకుంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ రొయ్యలకెలా ఉందని పొద్దున్నే పరిగెత్తేరు. నాకెలా ఉందని ఒక్కనాడు అడిగేరా? ఆ మాట మాత్రం నాదే.”

బండి కాలవగట్టున ఆగింది. రమణ దిగి, ఏం చెయ్యాలో తెలియక హ్యాండిల్ తుడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఎలా ఉంది దుర్గా?”

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని బావురుమంది. రమణ హడలిపోయాడు. “మళ్ళీ హార్మోనా?”

“కాదండీ,” అని ముక్కు చీదుకుంది. “ఇది మీ వల్లే.”