చల్లారని డబ్బా

ఆదోనిలో మట్టి పరీక్షల గదిలో పనిచేసిన ఆ ఏళ్లు తలచుకుంటే ఇప్పటికీ నడుము నొప్పే ముందు గుర్తొస్తుంది. బయట ఎండ, లోపల ఓవెన్. ఎమ్మిగనూరు నుంచీ తుగ్గలి నుంచీ వచ్చిన మట్టిని మూతడబ్బాల్లో తూచి, ఒక రోజంతా ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచాలి. తగ్గిన బరువంతా నీళ్లు. అయితే డబ్బాను వేడివేడిగా తూచకూడదు. చుట్టూ గాలి కాగి పైకి లేచి తక్కెడ పళ్లెం తేలిపోతుంది, మట్టిలో లేని నీళ్లు ఉన్నట్టు చూపిస్తుంది. మూత బిగించి గాజుజాడీలో అర్ధగంట చల్లారనివ్వాలి. ఆ అర్ధగంటంటే నాకు పరమ చిరాకు.

ఒక ఏడాది దేవనకొండ వైపు రైతు ఒకాయన మట్టి ఇచ్చి, మరునాడు మధ్యాహ్నం ఫలితం కోసం వచ్చాడు. శనగ విత్తాలి. ఇంట్లో ఉన్న గింజలు ఒక్కసారికే సరిపోతాయి. అప్పుడే ఆయన మట్టి డబ్బాను ఓవెన్‌లోంచి బయటికి తీశాను.

"బస్సుకు టైమాయప్పా. సేన్లో పదునుందా లేదా, ఒక్క మాట సెప్పు" అన్నాడు. పదునంటే విత్తనం మొలిచి నిలిచేటంత తేమ.

పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను. వేడి డబ్బానే తూచేశాను. "ఉంది, విత్తుకో" అన్నాను.

"సేతిలో పిసికితే ఉండ కట్టలేదే?"

"చేతిని నమ్ముతావా, తక్కెడను నమ్ముతావా?" అని కసిరాను. పాపం, తల ఊపి వెళ్లిపోయాడు.

అలవాటు కొద్దీ డబ్బాను జాడీలో పెట్టాను. సాయంత్రం మళ్లీ తూస్తే బరువు పెరిగింది. అంటే తేమ తక్కువ, పదును లేదు. మరునాడు దేవనకొండ బస్సెక్కి చెప్పి రావచ్చు. వెంట్రుకవాసి తేడానే కదా అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఓపిక లేదు.

రెండు నెలల తర్వాత మా గదికే వచ్చాడు.

"మొలిసినట్టే మొలిసి మాడిపాయప్పా. ఈ ఏటికి సేను బీడే."

ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"సల్లారేదానికి ఎంతసేపు పడుతుంది?"

"అర్ధగంట."

ఓవెన్ వైపు చూశాడు.

"అర్ధగంటేనా? సెప్పింటే కూసుండేవాణ్ణి గదప్పా. బస్సు పోతే బస్టాండులోనే పండుకునేవాణ్ణి."