ఎర్నిస్ ఏడో తండ్రి

ఎర్నిస్‌కు కుదురు లేదు. మా కొండల ఊరు నారిన్ బజారులో మా ఇద్దరి కంటెయినర్ కొట్లూ ఆనుకుని ఉంటాయి. నేను ఫోన్ కవర్లు అమ్ముతాను, అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు. మధ్యలో ఉన్న రేకుకు అతని మోకాలు పొద్దున్నుంచి టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఏడేళ్ళుగా వింటున్నాను. టీ పోసుకుంటాడు, అది చల్లారిపోతుంది, పారబోసి ఇంకోటి పోసుకుంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఒక్కచోట పది నిమిషాలు కూర్చున్నాడంటే ఎదురుగా చెడిపోయిన మిషను ఉందన్నమాట.

కొత్త సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన వారం అతని కొట్టు తిరునాళ్ళలా ఉంటుంది. టచ్‌ప్యాడ్ చచ్చిపోయిందంటూ జనం వరస కడతారు. నిజానికి అది చావదు. "కొత్త కోడలొచ్చి వంటిల్లు సర్దేసిందనుకో తాజిగుల్ అక్కా, అత్తకి గరిటె దొరకదు. అంతే" అంటాడు. ఆ గరిటె వెతికి చేతికివ్వడమే అతని పని.

ఈసారి మాత్రం అతని మోకాలికి వేరే పని పడింది. బురుల్ అనే నర్సును చేసుకోవాలని రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. పిల్లకు ఇష్టం, పిల్ల తండ్రికీ ఇష్టమే. అంతా కుదిరింది అనుకునేసరికి పిల్ల మేనత్త పుల్ల పెట్టింది. రెండిళ్ళూ పైన ఎక్కడో ఒకే తండ్రి దగ్గర కలుస్తాయని. మాలో తండ్రి, తాత, ముత్తాత అంటూ పైకి, ఇద్దరివైపు నుంచీ ఏడుగురు తండ్రులు దాటితేనే సంబంధం. ఎనిమిదో తండ్రి దగ్గర కలిస్తే పరవాలేదు, ఏడో తండ్రి అయితే అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క. అది తేల్చవలసింది ఒమూర్‌కుల్ తాత. మా లోయలో ఎవరి తండ్రి ఎవరో ఆ పట్టికంతా, సంజిరా అంటాం, ఆయన దగ్గరే ఉంది. కప్పు కారి నోటుపుస్తకాలు తడిసిపోయిన చలికాలం నుంచి దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. గురువారం నాలుగింటికి పిల్ల తరఫు పెద్దలు ఆయన ఇంటికి వస్తామన్నారు. ఆయన ఏం చెబితే అదే.

ఆ గురువారం పదకొండింటికి తాత లాప్‌టాప్‌ను శాలువాలో చుట్టుకొని బజారుకే వచ్చాడు. తెర మీద బాణం కదలడం లేదట. ఈ వయసులో అప్‌డేట్ ఎందుకు చేశావని ఎర్నిస్ విసుక్కుంటే, "మూడ్రోజుల్నుంచి అడుగుతానే ఉందిరా. అన్నిసార్లు తలుపు తట్టినోణ్ణి బయటే ఎట్లా నిలబెడతాం? సరే రమ్మన్నా" అన్నాడు. మౌసు పెట్టుకోమంటే తన చేతి వణుకుకు అది బల్ల మీద నుంచి దూకేస్తుందన్నాడు. వేలితో అయితే ఒక్కొక్క పేరూ తడుముకుంటూ పోవచ్చట. రెండింటికల్లా కావాలని చెప్పి నమాజుకు వెళ్ళిపోయాడు.

ఎర్నిస్ తన మౌసు తగిలించాడు. బాణం కదిలింది. తెర మధ్యలో ఒకే ఒక్క ఫైలు ఉంది, సంజిరా. రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. నేను కొట్టు గాలికొదిలేసి అతని భుజం మీదుగా చూస్తున్నాను. తెరవమన్నాను. తెరవలేదు. పోనీ, ఏడో తండ్రి దగ్గర కలిశారనే అనుకుందాం, మధ్యలో ఒక పేరు ఇరికించు, రెండొందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెబుతారా అని కూడా అన్నాను. అనకూడని మాటే. కానీ ఆ పిల్లవాడి ముఖం చూస్తే మీరైనా అదే అంటారు.

"అక్కా, నువ్వెళ్ళి కవర్లమ్ముకో. పెద్దాయన నమ్మి ఇచ్చిపోయాడు. నేనిది తెరిచానంటే రేపు నా చేతికి మిషను ఎవడిస్తాడు?" అన్నాడు.

నోరు మూసుకున్నాను గాని అక్కణ్ణుంచి కదల్లేదు.

ముందు కీబోర్డు మీద ప్యాడ్‌ను ఆపే మీట చూశాడు. అది సరిగానే ఉంది. సెట్టింగుల్లోనూ ఆపి లేదు. లోపల పరికరాల జాబితాలో చూస్తే అసలు టచ్‌ప్యాడ్ అన్న మాటే లేదు. కొత్త సిస్టమ్ దాన్ని మామూలు మౌసు అనుకొని, నడిపించడానికి ఏదో సాదా డ్రైవరు ప్రోగ్రాం అంటించేసింది. దాన్ని పీకేసి, లాప్‌టాప్ చేసినవాళ్ళ పాత డ్రైవరు దించడం మొదలుపెట్టాడు. బజారులో నెట్ సంగతి చెప్పక్కర్లేదు. సగంలో తెగింది, మళ్ళీ మొదటినుంచి. ఆ సందులో లేచి మూడుసార్లు బయటికి పోయి వచ్చాడు, తలుపు పక్కన మంచు కాలితో తన్నాడు, గడియారం చూశాడు. పన్నెండున్నరకు డ్రైవరు దిగింది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే బాణం కదిలింది గాని మిడతలా గెంతుతోంది. వేలు ఎంత గట్టిగా తగలాలో తగ్గించి, పెంచి, దాన్ని దారికి తెచ్చాడు. ఆఖరికి రెండు వేళ్ళతో కిందికి లాగితే పేజీ పైకి పోతోంది. కొత్త సిస్టమ్ దిశ కూడా మార్చేసిందన్నమాట. అదీ సరిచేశాడు, లేకపోతే ముసలాయన తాతల దగ్గరికని బయల్దేరి మనవల దగ్గర తేలతాడని గొణుగుతూ.

రెండింటికి తాత వచ్చాడు. వేలు పెట్టి చూసి మురిసిపోయాడు. ఎలాగూ తెరిచాను, మీ లెక్క ఇక్కడే చూసేద్దాం కూర్చోమన్నాడు. ముందు బురుల్ తండ్రితో మొదలుపెట్టి పైకి లెక్కపెట్టాడు. ఎనిమిదో పేరు సాతిబాల్ది. తర్వాత ఎర్నిస్ వైపుకు వచ్చాడు. మొదటి తండ్రి అసనాలి. వేలు మెల్లగా పైకి పోయింది. ఐదు, ఆరు, ఏడు. ఏడో పేరు సాతిబాల్ది.

ఎర్నిస్ మోకాలు ఆగిపోయింది. ఆ చప్పుడు లేకపోయేసరికి నాకు భయం వేసింది.

అసనాలి అతని తండ్రి కాదు, తాత. మైరంబెక్ అసనాలికి పెద్ద కొడుకు. తన తొలిచూలు బిడ్డ ఎర్నిస్‌ను తల్లిదండ్రుల ఒడిలో పెట్టాడు, మాలో చాలామంది చేసే పనే. అలా ఇచ్చిన బిడ్డ తాతానాయనమ్మలను నాన్నా అమ్మా అంటాడు, కన్నతండ్రిని అన్నా అంటాడు. మా వీధిలో అందరికీ తెలుసు, ఒక్కరూ అనరు, ఎందుకంటే అసనాలి భార్య జూరా ఊరుకోదు. ఎర్నిస్ తన కడుపున పుట్టిన కడగొట్టువాడనే ఆవిడ మాట. ఒకావిడ నోరు జారి మనవడు అన్నదని జూరా నాలుగేళ్ళు ఆవిడ ఇంట్లో టీ ముట్టలేదు. ఒమూర్‌కుల్ తాత పేర్లు రాసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆరేళ్ళ ఎర్నిస్ ఎగిరొచ్చి నేను అసనాలి కొడుకునన్నాడట. పక్కనే ఉన్న అసనాలి కాదనలేదు. తాత అదే రాసుకున్నాడు. అలా పట్టికలో ఒక తండ్రి తప్పిపోయాడు. మైరంబెక్‌ను కలిపితే సాతిబాల్ది ఎనిమిదోవాడు. ఇందాక నేను దొంగ పేరు ఇరికించమన్నాను, కావలసిన నిజం పేరు రోజూ మా ఎదురింట్లో తిరుగుతూనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది, కొరుక్కున్నాను.

"వీధి మాట నేనూ విన్నా. వీధి మాట రాయను" అన్నాడు తాత. "ఎవడి తండ్రిని వాడే చెప్పాలి. చెప్పు నాయనా, నువ్వెవరి కొడుకువి?"

అసనాలి పోయి ఆరేళ్ళయింది, ఆయనతో పేచీ లేదు. ఇంట్లో జూరా ఉంది, డెబ్బై తొమ్మిదేళ్ళది. అమ్మనడగాలి అని ఎర్నిస్ ఫోన్ తీశాడు. బజారు గోలలో వినపడక స్పీకరు పెట్టాడు. లెక్క ఎక్కడ ఆగిందో తడబడుతూ చెప్పాడు గాని, ఏం మార్చాలో చెప్పలేకపోయాడు. ఆవిడే అర్థం చేసుకుంది.

"మైరంబెక్ కొడుకని రాయించు" అంది జూరా. "నలభయ్యో రోజున దుప్పట్లో చుట్టి నా చేతుల్లో పెట్టాడు. పెద్దాయనకి చెప్పు, నేనే చెప్పానని."

తాత లాప్‌టాప్‌ను ఎర్నిస్ వైపు తిప్పాడు. నీ పేరు నువ్వే జరుపుకో అన్నాడు. కొత్త గడిలో మైరంబెక్ పేరు రాసి, అసనాలి కింద నుంచి తన పేరు పట్టుకొని దాని కిందికి లాగాలి. ఎర్నిస్ వేలు పెట్టాడు. పేరు సగం దూరం వచ్చి వెనక్కి పోయింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ పోయింది. ప్యాడ్ బాగానే ఉంది, చెయ్యే తడిసిపోయింది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకొని మూడోసారి లాగాడు. అక్కడ నిలిచింది. తాత మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టి ఎనిమిది అన్నాడు, నాలుగింటికి ఇదే చెబుతానన్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ ఎర్నిస్ తల బల్లకు ఆనించి ఏడుస్తున్నాడు. ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు.

"అమ్మా, నిన్ను తీసేశానమ్మా" అన్నాడు.

"ఆ పట్టికలో ఒక్క ఆడదాని పేరైనా ఉందేమో చూడరా" అంది జూరా. "నేనందులో ఎప్పుడున్నానని, తీసేశానని ఏడుస్తున్నావు?"