గంగమ్మ వద్దన్న ప్యాంటు

2012లో, పెళ్లయిన కొత్తలో, నేనూ మా ఆయనా ఎల్లారెడ్డి నుంచి అండమాన్ వెళ్లాం. అంతవరకూ మేం చూసిన పెద్ద నీళ్లు పోచారం చెరువే. మా అత్తమ్మ దృష్టిలో సముద్రమంటే తీర్థం. "తానం చేసిన బట్టలు ఆడనే ఇడ్శిపెట్టుర్రి బిడ్డా, పాపాలు పోతయి" అని మరీ మరీ చెప్పి పంపింది.

చివరి రోజు పొద్దున మా ఆయన ప్యాంటుతోనే మూడు మునకలు వేసి, లుంగీ చుట్టుకుని, ఆ ప్యాంటును భక్తిగా అలల్లోకి వదిలారు. తీరా విమానాశ్రయానికి బయలుదేరుతుంటే, "మీ ఓటరు కార్డేది?" అని అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ప్యాంటు జేబుల ఉండె."

కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు. ఏడుపు ముఖాలతో ఒడ్డుకు పరుగెత్తాం. అక్కడ కొబ్బరిబోండాల దుకాణం ముందు తాడు మీద మా ప్యాంటు వేలాడుతోంది. అల దాన్ని తిరిగి ఒడ్డున పడేస్తే దుకాణదారు తీసి ఆరేశాడట. ప్లాస్టిక్ పూత పుణ్యమా అని జేబులో కార్డు భద్రంగా ఉంది.

ఆ తడి ప్యాంటు వాసనకు విమానంలో పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. కామారెడ్డి రైలెక్కాక మా ఆయన దాన్ని కిటికీకి ఆరేశారు.

మర్నాడు ఇంట్లో దండెం మీద ప్యాంటు చూసి, కథంతా విని, అత్తమ్మ కొడుకును ఎగాదిగా చూసింది.

"అంత పెద్ద సముద్రం గూడ నీ పాపాలు మొయ్యలేనన్నదారా?"

ఇప్పటికీ ఆయన నాకు నీతులు చెప్పబోతే, నేను బీరువా తెరిచి ఆ ప్యాంటు చూపిస్తాను.